చిన్న కొలతే రాయండి

ప్రశ్న: పడకగది కిటికీకి రోలర్ బ్లైండ్ (గొట్టానికి చుట్టుకునే బట్ట తెర) ఆర్డర్ ఇవ్వాలి. వెడల్పు పైన కొలిస్తే 1,204 మిల్లీమీటర్లు, కింద 1,197 వస్తోంది. ఏది రాయాలి? కొంచెం తగ్గించి రాయాలా? తప్పు కొలత ఇస్తే వాపసు ఉండదంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ కొలతలో తప్పేమీ లేదు. ప్లాస్టరింగ్ చేసిన అంచులు చాలా ఇళ్లలో ఇలాగే ఉంటాయి. బ్లైండ్ కిటికీ గూటి లోపల, అంటే గోడలో కిటికీ ఉన్న ఖాళీలోనే, బిగించేదైతే మధ్యలో కూడా ఒకసారి కొలవండి. మూడింటిలో చిన్నదే రాయాలి. స్టీలు టేపే వాడండి, బట్టల టేపు సాగుతుంది.

ఇక తగ్గించడం సంగతి. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. బ్లైండ్ సులువుగా తిరగాలని నేనే పది మిల్లీమీటర్లు తగ్గించి రాశాను. అది గూటి కొలత అనుకుని తయారుచేసినవాళ్లూ ఇంకో పది తగ్గించారు. రోలర్ బ్లైండ్‌కి బ్రాకెట్ల వల్ల బట్ట ఎలాగూ ఇంకాస్త సన్నగానే వస్తుంది. ఇప్పటికీ పొద్దున్నే ఓ వెలుగు గీత తిన్నగా నా దిండు మీదే పడుతుంది. అందుకే ఫారంలో 'గూటి కొలత' అనో, 'బ్లైండ్ కొలత' అనో స్పష్టంగా రాయండి. గూటి కొలతైతే మీరేమీ తగ్గించకండి.

గది బాగా చీకటిగా కావాలంటే మాత్రం గూటి బయట, గోడకే బిగించడం మేలు. అప్పుడు రెండు పక్కలా పది సెంటీమీటర్ల చొప్పున కలపండి. లోపలే అనుకుంటే కిటికీ హ్యాండిల్ బట్టకు తగులుతుందేమో ముందే చూసుకోండి.