200 గజాల లాన్‌కు 48 వేల మిషన్ కావాలా?

ప్రశ్న: మాది నల్గొండ, పానగల్లు వైపు. రిటైర్డ్ టీచర్‌ను. ఇంటి ముందు 200 గజాల చదునైన లాన్ ఉంది. గడ్డి కోసే మనిషి ఒక్కోసారికి 400 తీసుకుంటాడు, పిలిస్తే దొరకడు. దానంతట అదే ముందుకు నడిచే పెట్రోల్ మిషన్ 48 వేలంటున్నారు. తోసే కరెంటు మిషన్ 11 వేలు. నాకు మోకాళ్ల నొప్పులు. ఎఫ్‌డీ తీసి పెద్దదే కొనమంటారా?

జవాబు: మాస్టారూ, ఎఫ్‌డీ కదపకండి. 11 వేలదే తీసుకోండి.

మన దగ్గర గడ్డి జోరుగా పెరిగేది జూన్ నుంచి అక్టోబర్ దాకానే. అప్పుడు వారం పది రోజులకోసారి, మిగతా నెలల్లో నెలకోసారి కోస్తే చాలు. ఏడాదికి పాతిక కోతలు, కోతకు అరగంట. అంటే ఆ మిషన్ ఏడాది మొత్తంలో నడిచేది పన్నెండు, పదమూడు గంటలే.

ఇప్పుడు కూలీకి ఏడాదికి 10 వేలవుతోంది. పెద్ద మిషన్ ఎనిమిదేళ్లు వచ్చినా ఏడాదికి 6 వేలు దాని ధరకే పోతాయి. ఆయిల్, ఫిల్టర్, ప్లగ్, పెట్రోల్‌కు 2,500 వేసుకోండి. ఎఫ్‌డీ మీద 7 శాతం అనుకుంటే మొదటి ఏడాది మరో 3,360 వడ్డీ పోతుంది. మొత్తం 11,860. దానికన్నా కూలీయే చవక! కరెంటు మిషన్ అయిదేళ్లకే మూలపడినా, బ్లేడు సాన, కరెంటు, వడ్డీ కలిపి ఏడాదికి 4 వేల లోపే.

పెట్రోల్ మిషన్‌తో ఇంకో చిక్కుంది. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బురేటర్ జిగటపట్టి మిషన్ స్టార్ట్ కాదు. కొనేముందు రిపేరు నల్గొండలోనే చేస్తారా, హైదరాబాద్ మోసుకెళ్లాలా అని ఎవరూ అడగరు. ఖర్చు అక్కడే పెరుగుతుంది.

మోకాళ్ల మాట నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఇంజన్ చక్రాలను లాగితే తోసే శ్రమ తగ్గే మాట నిజమే. అయితే ఆ సుఖం ఏటవాలు నేలలో, పొడవాటి వరుసల్లో తెలుస్తుంది. చిన్న లాన్‌లో ప్రతి మూలలోనూ చక్రాలను నడిపే డ్రైవ్ వదిలేసి, ముప్పై కిలోల పైచిలుకు బరువును మీరే తిప్పాలి. కరెంటుది చాలా తేలిక. మీది అరెకరం ఫామ్‌హౌస్ అయితే పెద్దదే కొనమనేవాణ్ణి.

ఈఎంఐకి వడ్డీ లేదని షాపువాళ్లు ఆశపెట్టినా ఒప్పుకోకండి. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ చాలాసార్లు పడతాయి. నగదు ఇస్తే ఎంత తగ్గిస్తారో అడగండి. మిగిలిన డబ్బులో కొంత పెట్టి, షాక్ కొట్టగానే కరెంటు ఆగే బ్రేకర్ ఇంట్లో లేకపోతే వేయించండి. తడి గడ్డిలో మాత్రం ఆ కరెంటు మిషన్ అస్సలు నడపొద్దు.