టోకెన్ మీద క్రమసంఖ్య పడకపోతే

ప్రశ్న: డిప్లొమా చదువుతున్న నేను, మా బాబాయి పనిచేసే ధాన్యం కొనుగోలు కేంద్రంలో రైతులకిచ్చే టోకెన్ల కోసం సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. ఊరి పేరుకు 20 బైట్లు, టోకెన్‌కు 20 బైట్లు కేటాయించి, ముక్కలను కలిపి ఇచ్చిన చోటులో రాసే ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్‌తో పేరు, అడ్డగీత, క్రమసంఖ్య కలుపుతున్నాను. ప్రోగ్రాం బాగానే నడుస్తున్నా, 3 నుంచి 32 బైట్ల ఫలితం 20 బైట్ల చోటులోకి వెళ్తోందని, చివర తెగిపోవచ్చని ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ జీసీసీ హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరికను ఆపే ఆప్షన్ పెట్టెయ్యమని మిత్రుడంటున్నాడు. పెట్టవచ్చునా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: పెట్టవద్దు. ముందు ఆ 3, 32 ఎలా వచ్చాయో మీరే కూడి చూడండి. పేరు ఖాళీగా ఉండి క్రమసంఖ్య ఒకే అంకె అయితే అడ్డగీత, అంకె, మాట ముగిసిందని చెప్పే చివరి నల్ బైటు కలిసి 3; పేరు నిండుగా 19 బైట్లు ఉండి, ఇంట్ (పూర్ణసంఖ్య) రకపు క్రమసంఖ్య ఋణ గుర్తుతో సహా 11 స్థానాలకు చేరితే 19, 1, 11, 1 కలిసి 32. మీరు ఇచ్చిన కొలతలనే కంపైలర్ లెక్కగట్టింది.

మన జిల్లాలోని తిరుమలగిరి సాగర్ మండలం పేరును ఇంగ్లిషులో హెచ్ లేకుండా రాస్తే, నడుమ ఖాళీతో కలిపి 18 అక్షరాలు. అడ్డగీతతో 19 అవుతాయి, మిగిలిన ఒక్క బైటు నల్‌కే సరిపోతుంది. క్రమసంఖ్యలో ఒక్క అంకె కూడా పడదు కనుక అక్కడి రైతులందరికీ ఒకటే టోకెన్ వస్తుంది. ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ ఇచ్చిన హద్దు దాటి రాయదు కాబట్టి ప్రోగ్రాం ఆగదు, తప్పు మీకు కనిపించదు. వడ్లు కుప్పపోసి రోజుల తరబడి వంతు కోసం కాచుకున్న మనిషికి మాత్రం అది తగులుతుంది.

టోకెన్‌కు 32 బైట్లు ఇస్తే హెచ్చరిక పోతుంది కానీ, పేర్లను తెలుగులో అచ్చువేయదలిస్తే పేరుకిచ్చిన 20 బైట్లే చాలవు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి, గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా కూడా విడి సంకేతాలే. ‘నల్గొండ’లో అవి 7, అంటే 21 బైట్లు, నల్‌తో 22. పేరుకు 64 పెట్టండి. అప్పుడు టోకెన్‌కు 63, 1, 11, 1 కలిపి 76 కావాలి.

ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ తిరిగిచ్చే విలువను కూడా వదిలెయ్యకండి. చోటు చాలినా చాలకున్నా, మొత్తం రాస్తే నల్ కాక ఎన్ని బైట్లు అయ్యేవో అది చెబుతుంది. ఆ విలువ ఋణమైనా, టోకెన్ పరిమాణానికి సమానమైనా, దాన్ని మించినా, అచ్చు ఆపి పేరు సరిచూడమని తెరమీద చూపించండి.