మగపేరుతో చేరనా అని అడిగావు కదా

తల్లీ,

షేర్ల గ్రూప్‌లో మగపేరుతో చేరితే నయమా అని అడిగావు. నేను మగపేరు పెట్టుకోలేదు గానీ, వట్టి పొడి అక్షరాలతో (ఇనిషియల్స్‌తో) చేరాను. అందరూ "బ్రదర్" అనేవాళ్లు, నేను దిద్దలేదు. ఒక కంపెనీ కాగితం మీద లాభం చూపిస్తోంది, చేతికి నగదు మాత్రం రావట్లేదని మూడేళ్ల లెక్కలు పెడితే తెగ మెచ్చుకున్నారు. కొన్నాళ్లకు ఆడదాన్నని తెలిసింది. అలాంటి లెక్కే ఇంకో కంపెనీ మీద పెట్టాను. "ఇది మీవారు చేసిందా మేడమ్?" అని వెంటనే ప్రశ్న. ఆ రాత్రి కూర్చుని అంకెలన్నీ మొదటినుంచి మళ్లీ లెక్కేశాను. తప్పేమీ లేదు. వాళ్ల మాటకి నా లెక్కను నేనే అనుమానించానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

1967లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో సీటు, అంటే అక్కడ నేరుగా షేర్లు కొని అమ్మే హక్కు, కొన్న మొదటి మహిళ మ్యూరియల్ సీబర్ట్. అంతకుముందు పూర్తి పేరుతో రెజ్యూమె పంపితే ఆమెకు ఉద్యోగానికి పిలుపే రాలేదు. ఎం.ఎఫ్. సీబర్ట్ అని మార్చాక వచ్చింది. కాబట్టి పొడి అక్షరాలతో చేరితే తప్పు లేదు. ఆడో మగో నువ్వు ఎవరికీ చెప్పక్కర్లేదు.

మగపేరు మాత్రం వద్దు. దానికి తగ్గట్టు మాట్లాడాలనిపిస్తుంది. తెలియకపోయినా తెలిసినట్టు, భయమేసినా ధీమాగా రాస్తావు. చివరికి ఆ ధీమాతోనే షేర్లు కొంటావు. అమెరికాలో బార్బర్, ఒడీన్ అనే ఇద్దరు పరిశోధకులు 35 వేలకు పైగా కుటుంబాల షేర్ల ఖాతాలు పరిశీలించి 2001లో ఫలితాలు అచ్చువేశారు. మగవాళ్లు ఆడవాళ్లకంటే 45 శాతం ఎక్కువగా కొని అమ్మారు. అలా తిప్పడం వల్ల వాళ్ల రాబడి ఏటా 2.65 శాతం పాయింట్లు తగ్గింది. ఆడవాళ్లకూ 1.72 తగ్గింది, మనమూ అతీతులం కాదు.

తెలియనిది తెలియదని అడుగు. లాభాల స్క్రీన్‌షాట్ పెట్టినవాళ్లను నష్టాలూ చూపమను. విడిగా మెసేజ్ పెట్టి నేర్పిస్తానని వెంటపడేవాళ్లను బ్లాక్ చెయ్యి, ఇందులో మొహమాటం వద్దు. "మహిళలకు ప్రత్యేకం" అన్న పథకమైతే ముందు దాని ఫీజు ఎంతో చూడు.

ఎవరైనా "మీవారా, నాన్నగారా" అంటే టెన్షన్ పడకు. నన్నలా అడిగినాయనకి నేను మర్నాడు ఒక్క ముక్క రాశాను: "నేనే చేశాను. ఏ వరుసలో తప్పుందో చూపండి." ఆయన చూపలేదు, మిగతావాళ్లు లెక్క గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

నీ మొదటి లెక్క నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ