పాత నాస్ పెట్టెకు కొత్త ఫర్మ్‌వేర్: మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి

ప్రశ్న: మా ఇంట్లో సైనాలజీ డీఎస్214ఎస్ఈ అనే రెండు డిస్కుల నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచుకునే పెట్టె) ఉంది. పిల్లల ఫొటోలు, నాన్నగారి పొలం కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే దాచాము. అది ఇప్పటికీ డీఎస్‌ఎం 6.2 అనే ఫర్మ్‌వేర్ (పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్) మీదే నడుస్తోంది. కొత్తగా కొన్న విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్లు తెరుచుకోవడం లేదు. ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ చేస్తే సరిపోతుందా? రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంటుంది కనుక వేరే బ్యాకప్ అవసరం లేదనుకుంటున్నాను, నిజమేనా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉండటం బ్యాకప్ కాదు. ఒక డిస్కు పాడైతే రెండోది ఆదుకుంటుంది, అంతవరకే దాని పని. మీరు పొరపాటున ఒక ఫోల్డర్ తీసేస్తే అదే క్షణంలో రెండు డిస్కుల్లోనూ పోతుంది. ఫర్మ్‌వేర్ మార్పులో తేడా వచ్చినా, వైరస్ ఫైళ్లకు తాళం వేసినా అంతే. కాబట్టి నాస్‌తో సంబంధం లేని ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి అన్నీ కాపీ అయ్యేవరకు అప్‌గ్రేడ్ బటన్ జోలికి వెళ్లకండి.

ఆ డిస్కును ముందుగా ల్యాప్‌టాప్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా (విండోస్ చదివే పద్ధతిలో) ఫార్మాట్ చేసుకోండి. నాస్‌లోనే ఫార్మాట్ చేస్తే అది ఈఎక్స్‌టీ4గా (లినక్స్ వాడే పద్ధతిలోకి) మారవచ్చు, అప్పుడు విండోస్ దాన్ని నేరుగా చదవదు. మీ మోడల్‌లోని యూఎస్‌బీ 2.0 పోర్టు నిదానమైనది. ఒక టెరాబైట్ కాపీ కావడానికి పది గంటలకు పైగానే పడుతుంది కనుక రాత్రి పెట్టి వదిలేయండి. పొద్దున డిస్కును ల్యాప్‌టాప్‌కు తగిలించి, వేరువేరు సంవత్సరాల ఫోల్డర్ల నుంచి పది పదిహేను ఫొటోలను, రెండు మూడు స్కాన్ కాగితాలను నిజంగా తెరిచి చూడండి. ఫైలు పేరు కనిపించినంత మాత్రాన లోపలి బొమ్మ క్షేమంగా ఉన్నట్టు కాదు.

ఇక అప్‌గ్రేడ్ సంగతి. డీఎస్‌ఎం 6.2కు తయారీదారు మద్దతు 2024 అక్టోబరుతో ముగిసింది, అంటే ఇకపై కొత్త లోపాలు బయటపడినా వాటికి మరమ్మతులు రావు. మీ మోడల్‌కు డీఎస్‌ఎం 7.1 వరకు వెళ్లే వీలుంది, అక్కడితో దాని దారి ఆగిపోతుంది. 2012 సిరీస్ మోడళ్లు వాడుతున్నవారికి 6.2యే ఆఖరు. అందుకే మీ దగ్గరున్నది ఏ మోడలో పెట్టె అడుగున ఉన్న లేబుల్ మీద చూసుకుని, తయారీదారు డౌన్‌లోడ్ పేజీలో సరిగ్గా ఆ పేరుకే వెతకండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే ప్రాసెసర్ ఉన్న వేరే పెట్టె కావచ్చు.

7కు వెళ్లాక మామూలు పద్ధతిలో 6.2కు తిరిగి రాలేరు. డిస్కులు తీసి మళ్లీ పెట్టినా పాత వ్యవస్థ రాదు, ఎందుకంటే డీఎస్‌ఎంలో కొంత భాగం లోపలి ఫ్లాష్ చిప్‌లోనూ, మిగతాది ప్రతి డిస్కు మొదట్లో ఉండే చిన్న విభాగంలోనూ ఉంటుంది. మీ ఫైళ్లు ఉండేది వేరే విభాగం కనుక అప్‌గ్రేడ్ సవ్యంగా జరిగితే వాటిని ముట్టుకోదు. నాస్‌లో ఫొటోలు చూపే ఫొటో స్టేషన్ ప్రోగ్రామ్ వాడుతుంటే మాత్రం ఒక మార్పు తెలుసుకోండి: 7లో అది ఉండదు, దాని స్థానంలో సైనాలజీ ఫొటోస్ వచ్చింది. ఫొటో స్టేషన్‌లో విడిగా సృష్టించుకున్న ఖాతాలు అలాగే కొనసాగవు. యూఎస్‌బీ వైఫై, బ్లూటూత్ డాంగిళ్లకు కూడా 7లో మద్దతు తీసేశారు. నాస్‌ను వైఫై డాంగిల్‌తో నడుపుతున్నవారు అప్‌గ్రేడ్‌కు ముందే రౌటర్ నుంచి కేబుల్ లాగి పెట్టుకోవాలి, లేకుంటే రీస్టార్ట్ అయ్యాక పెట్టె నెట్‌వర్క్‌లో కనిపించదు.

స్టోరేజ్ మేనేజర్‌లోకి వెళ్లి రెండు డిస్కులకూ స్మార్ట్ ఎక్స్‌టెండెడ్ టెస్ట్ (డిస్కు ఆరోగ్యాన్ని పూర్తిగా చూసే పరీక్ష) పెట్టండి. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన డిస్కు రీస్టార్ట్ సమయంలోనే చతికిలపడటం నేను చాలాసార్లు చూశాను. టెస్ట్‌లో హెచ్చరిక వస్తే ముందు ఆ డిస్కు మార్చి, రెయిడ్ (రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉంచే ఏర్పాటు) మళ్లీ పూర్తిగా కుదురుకున్నాకే అప్‌గ్రేడ్ ఆలోచన చేయండి. కంట్రోల్ ప్యానెల్‌లోని అప్‌డేట్ అండ్ రీస్టోర్‌లో కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసుకుంటే చిన్న డీఎస్‌ఎస్ ఫైలు వస్తుంది, దాన్ని ల్యాప్‌టాప్‌లో దాచండి. అందులో సెట్టింగులు మాత్రమే ఉంటాయి, ఫొటోలు ఉండవు. ఈ సెట్టింగుల బ్యాకప్‌నూ ఫైళ్ల బ్యాకప్‌నూ ఒకటే అనుకుని నష్టపోయినవారు ఉన్నారు.

ఫర్మ్‌వేర్ రాస్తుండగా కరెంటు పోవడం అన్నిటికంటే పెద్ద గండం. ఇన్వర్టర్ ఉందిగా అని మా ఇంట్లో నేనూ ధీమాగా ఉన్నాను. ఒక వేసవి సాయంత్రం గాలిదుమారానికి కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో నా నాస్ ఆగిపోయింది. స్టేటస్ దీపం నారింజ రంగులో కొట్టుకుంటూ ఉండిపోయింది, లాగిన్ పేజీ రాలేదు. డిస్కులను లినక్స్ ఉన్న కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు బయటికి తీయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇంటి ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి, మామూలు మోడ్‌లో మార్పిడికి ఎక్కువ సమయం పడుతుంది. కంప్యూటర్ యూపీఎస్ ఒకటి దొరికితే నాస్‌నూ రౌటర్‌నూ రెంటినీ దానికే తగిలించండి. తర్వాత 6.2లోని చివరి అప్‌డేట్లు పూర్తిచేసి, పీఏటీ ఫైలును (డౌన్‌లోడ్ పేజీలో దొరికే ఫర్మ్‌వేర్ ఫైలును) మాన్యువల్‌గా ఇచ్చి మొదలుపెట్టండి. మీ పెట్టెలో ఉన్నది 256 ఎంబీ మెమరీ మాత్రమే, కాబట్టి పని నెమ్మదిగా సాగుతుంది. తెర మీద చూపిన పది నిమిషాలు దాటినా కంగారుపడి స్విచ్ ఆపకండి, గంట వరకూ ఓపిక పట్టండి.

ల్యాప్‌టాప్ సమస్య మాత్రం కేవలం ఫర్మ్‌వేర్ వల్ల వచ్చింది కాకపోవచ్చు. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని మైక్రోసాఫ్ట్ ఆపేసింది, ఎస్‌ఎంబీ (విండోస్ నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) సైనింగ్‌ను, అంటే వచ్చే ప్రతి సందేశం అసలుదేనని రుజువు చేసే సంతకాన్ని, తప్పనిసరి చేసింది. పాత తరం ఎస్‌ఎంబీ1 విండోస్ 10 రోజుల్లోనే, 2017 చివరి నుంచి, కొత్త ఇన్‌స్టాలేషన్లలో రావడం మానేసింది. విండోస్‌లో రక్షణలు తీసేసి పాత గెస్ట్ ప్రవేశాన్ని తిరిగి తెచ్చుకోమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు, దయచేసి అది చేయకండి. నాస్‌లో మీ పేరుతో ఒక యూజర్‌ను, బలమైన పాస్‌వర్డ్‌తో సృష్టించండి. ఫైల్ సర్వీసెస్‌లో ఎస్‌ఎంబీ అడ్వాన్స్‌డ్ సెట్టింగులు తెరిచి కనిష్ఠంగా ఎస్‌ఎంబీ2, గరిష్ఠంగా ఎస్‌ఎంబీ3 ఎంచుకోండి. ఆ పేరుతో లాగిన్ అయితే అప్‌గ్రేడ్‌కు ముందే ఫోల్డర్లు తెరుచుకునే అవకాశం ఉంది. అది బ్యాకప్ తీసుకోవడానికీ పనికొస్తుంది.

ప్రశ్న: నా దగ్గర డీ-లింక్ డీఎన్‌ఎస్-320ఎల్ అనే నాస్ ఉంది. దీనికి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కడ దొరుకుతుంది? (గుంటూరు నుంచి మరొక పాఠకురాలు)

జవాబు: దొరకదమ్మా. 2024 ఏప్రిల్‌లో ఈ మోడల్‌తో పాటు మరికొన్నింటిలో ఒక తీవ్రమైన లోపం బయటపడింది. ఫర్మ్‌వేర్‌లోనే ఒక ఖాతా పాతుకుని ఉంది, దాన్ని పట్టుకుని బయటివారు ఇంటర్నెట్ మీదుగా పెట్టెకు ఆదేశాలు ఇవ్వగలరు. ఆ ఉత్పత్తుల కాలం ముగిసింది కనుక మరమ్మతు ఇవ్వబోమని, వాడకం మానేయమని తయారీదారే చెప్పింది.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని ఎందుకు అంటున్నానో చెబుతాను. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ అనే నాస్ వాడుతున్న చాలామంది ఒక ఉదయం లేచి చూసేసరికి వారి పెట్టెలు ఖాళీగా ఉన్నాయి. వాటికి చివరి ఫర్మ్‌వేర్ 2015లో వచ్చింది. ఫ్యాక్టరీ రీసెట్‌కు ముందు పాస్‌వర్డ్ అడగవలసిన ప్రోగ్రామ్ వరుసలు పనిచేయకుండా పక్కన పెట్టేసి ఉన్నాయి, దుండగులు దాన్నే వాడుకున్నారు.

మీరు ఈ రోజే రౌటర్ సెట్టింగుల్లో యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే రౌటర్‌లో బయటికి దారి తెరుచుకునే సౌకర్యం) ఆపేసి, నాస్ కోసం తెరిచిన పోర్ట్ ఫార్వర్డింగ్ వరుసలు (ఇంటర్నెట్ నుంచి నాస్‌కు దారి ఇచ్చేవి) ఉంటే తీసేయండి. తర్వాత ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి దించుకుని, తెరిచి చూసుకుని, ఆ పెట్టెకున్న నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. లోపలి హార్డ్‌డిస్కుల ఆరోగ్యం బాగుంటే వాటిని యూఎస్‌బీ కేసులో పెట్టుకుని వాడుకోవచ్చు, కాకపోతే వాటిని ముందు ఫార్మాట్ చేయాల్సి ఉంటుంది కనుక కాపీ సరిగ్గా ఉందని రూఢి చేసుకున్నాకే ఆ పని చేయండి.