అయస్కాంత నానో కణాలతో స్కానూ, లేజర్ చికిత్సా రెండూ కుదురుతాయా?

ఒకే నానో కణంతో క్యాన్సర్‌ని ఎమ్మారైలో చూసి, అక్కడే లేజర్‌తో మాడ్చేయొచ్చంటున్నారు, నిజమేనా అని అడిగారు. ల్యాబ్‌లో నిజమే. పీహెచ్‌డీ రోజుల్లో నాలుగేళ్లు ఈ కణాలతోనే కుస్తీ పట్టినవాణ్ని.

మేం వాడింది ఐరన్ ఆక్సైడ్, సుమారు 10 నానోమీటర్ల సైజు. ఇవి చేరిన చోటు ఎమ్మారైలో నల్లబడుతుంది. లేజర్‌కి బాగా వేడెక్కాలని పైన బంగారం పూత వేశాం. పూత మందమయ్యే కొద్దీ స్కాన్‌లో ఆ నలుపు తగ్గుతుంది. ఈ తూకం కుదరడానికే ఏడాదిన్నర పట్టింది.

మొదటిసారి 980 నానోమీటర్ల లేజర్ వేస్తే ట్యూబ్ చకచకా వేడెక్కింది. సంబరంగా మా గైడ్‌కి చూపించాను. "ఒట్టి నీళ్లకి వేసి చూశావా?" అన్నారాయన. వేశాను, అవీ వేడెక్కాయి! ఆ కాంతిని నీళ్లే పీల్చుకుంటాయి మరి. పరువు పోయిందనుకోండి. నీళ్లు అంతగా పీల్చుకోని 808 నానోమీటర్ల లేజర్‌కి మారాక గానీ కణాల వాటా ఎంతో తేలలేదు.

అసలు కష్టం ఆ తర్వాతే. నెలల తరబడి నీళ్లలో చక్కగా తేలిన కణాలు ఉప్పు బఫర్‌లో (శరీర ద్రవాల్లాంటి ఉప్పు ద్రావణంలో) వేయగానే ముద్దకట్టి అడుగుకి దిగిపోయాయి. పాలిమర్ పూతతో ఆ గండం గట్టెక్కాం. ఎలుకలకి ఎక్కిస్తే చాలావరకు కాలేయం, ప్లీహం లాగేసుకున్నాయి. ఇది మా ఒక్కరి గోడు కాదు. పదేళ్ల పరిశోధనలను కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణలో, ఎక్కించిన కణాల్లో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. అందుకే నా దృష్టిలో స్కాన్ అసలు ఉపయోగం కణితిని కనిపెట్టడం కాదు. కణాలు అక్కడికి చేరాయా, లేజర్ ఎప్పుడు వేయాలి అన్నది చెప్పడం.

పైగా ఈ కాంతి చర్మం లోపలికి ఎక్కువ లోతు పోదు. లోపలి అవయవాలకైతే సన్నటి ఫైబర్ గుచ్చి పంపాలి. 2019లో ఫలితాలు వెలువడిన ప్రోస్టేట్ క్యాన్సర్ ట్రయల్‌లో అలాగే చేశారు, కానీ అందులో వాడిన బంగారు పూత కణాల లోపల ఉన్నది సిలికా, అయస్కాంత పదార్థం కాదు. మెదడు కణితులకు 2010లో యూరప్‌లో అనుమతి పొందిన ఐరన్ ఆక్సైడ్ పద్ధతిలో వేడి పుట్టించేది మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం, కాంతి కాదు. మీరడిగిన జోడీ ఇంకా ఆస్పత్రుల్లో మామూలు చికిత్స కాలేదు.

ఇంట్లో ఎవరి కోసమైనా అడుగుతుంటే, ఫోటోడైనమిక్ థెరపీ పనికొస్తుందేమో డాక్టర్‌ని అడగండి. అందులో అయస్కాంతాలేమీ ఉండవు, ఒక మందు, దాన్ని పనిచేయించే కాంతి, అంతే. చర్మం, అన్నవాహిక లాంటి చోట్ల వచ్చే కొన్ని రకాలకు ఇప్పటికే వాడుతున్నారు.