నూకల మీద బూజు పెంచి ఎర్ర రంగు తీసి అమ్మొచ్చా?

మీ ఊరి మిల్లులో నూకలు, తవుడు, పొలంలో మొక్కజొన్న బెండ్లు మిగిలిపోతున్నాయి, వాటి మీద ఫంగస్ పెంచి ఎర్ర రంగు తీసి స్వీట్ షాపులకి అమ్మొచ్చా అని కదా అడిగారు. రంగు వస్తుందండీ, బాగానే వస్తుంది. స్వీట్లలోకి మాత్రం వద్దు, ఎందుకో కింద చెప్తాను.

ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు ఇదే. ఫంగస్ పేరు మొనాస్కస్ పర్‌ప్యూరియస్, చైనావాళ్లు వందల ఏళ్లుగా బియ్యం మీద పెంచి ఎర్ర బియ్యం చేసుకునేది దీంతోనే. మొదటి బ్యాచ్ నాశనం చేశాను. ఆటోక్లేవ్‌లో (ల్యాబ్‌లో ఆవిరితో క్రిముల్ని చంపే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిది) పెట్టేముందు నీళ్లు ఎక్కువ పోశాను, నూకలు కాస్తా జావ ముద్దయ్యాయి, వారం తర్వాత చూస్తే పైన అర అంగుళం ఎరుపు, లోపలంతా తెల్లటి పిండి, ఓ మూల ఆకుపచ్చ బూజు కూడా. మా సీనియర్ ఫ్లాస్కు ఎత్తి చూసి, పులిహోరకి అన్నం ఎలా వండుతావో అలా ఉండాలి, పలుకుగా, అంది. అంతే, అక్కడే ఉంది కిటుకంతా. గింజ గింజకీ మధ్య గాలి ఆడకపోతే బూజు లోపలికి పాకదు. తర్వాత నీళ్లు తగ్గించి, 121 డిగ్రీల్లో 20 నిమిషాలు ఉడికించి, చల్లారాక విత్తనంగా కొంచెం ఫంగస్ కలిపి, 30 డిగ్రీల దగ్గర చీకట్లో పెట్టి, రోజుకోసారి ఫ్లాస్కు తట్టి ఉండలు విడగొట్టాను. నాలుగో రోజుకి నారింజ రంగు, పన్నెండో రోజుకి ముదురు దానిమ్మ గింజల్లా అయ్యాయి. ఎండబెట్టి పొడి చేసి ఆల్కహాల్‌లో నానబెడితే రంగు దిగిపోతుంది.

బెండ్లు ఒక్కటే వాడితే నాకు లేత గులాబీ దాటలేదు, వాటిలో ఫంగస్‌కి తేలిగ్గా అందే పిండి పదార్థం తక్కువ. నూకల్లో కొంచెం కలిపితే మాత్రం గుల్లగా ఉండి గాలి బాగా ఆడింది. పనస గింజల పొడి మీద కూడా ఇది బాగా పెరుగుతుంది, తిరువనంతపురంలో సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ) ల్యాబ్‌వాళ్లు చేసి చూపించారు. అన్నట్టు నూకల్ని వ్యర్థం అనకండి, కోళ్ల మేతకి ఎంతకి పోతున్నాయో మీ మిల్లాయన్ని అడగండి, లెక్క అక్కడే తలకిందులవుతుంది.

ఇక ఆహారం సంగతి. ఈ ఫంగస్ రంగుతో పాటు సిట్రినిన్ అనే విషం కూడా చేస్తుంది, కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. ఈ ఫంగస్ పెంచిన ఎర్ర బియ్యంతో చేసే సప్లిమెంట్లలో సిట్రినిన్ పరిమితిని యూరప్‌లో 2020 నుంచి కిలోకి 2000 మైక్రోగ్రాముల నుంచి 100కి దించేశారు. కంటికి కనపడదు, వాసన రాదు, బ్యాచ్ బ్యాచ్‌కీ హెచ్‌పీఎల్‌సీ (ఏ పదార్థం ఎంతుందో విడదీసి కొలిచే ల్యాబ్ మెషిన్) టెస్టు చేయించాల్సిందే. ఈ రంగుని చైనా, జపాన్‌లలో తిండిలో వాడతారు కానీ అమెరికా, యూరప్‌లలో ఫుడ్ కలర్‌గా అనుమతి లేదు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌తో చేసి లడ్డూలో కలపడం అంటే నాకే టెన్షన్.

బట్టల అద్దకానికైతే ప్రయత్నించండి. పటిక పెట్టిన పట్టు గుడ్డకి రంగు చక్కగా పట్టింది, నూలుకి అంతగా పట్టలేదు. కానీ ఎండకి ఆగదు. నా పట్టు ముక్క హాస్టల్ కిటికీలో రెండు వారాలుంటే, మడత లోపల ఎరుపు, బయట ఇటుక పొడి రంగు.