గాలి ఎటు వీస్తోందో రాయి

చి. లహరికి,

కరీబియన్ దీవి అరూబా మీద నువ్వు రాసిన యాత్రా వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యంలో పరుగుంది, భాషకి లోటు లేదు. కానీ టూర్ వాళ్ళిచ్చిన కాగితం పక్కన పెట్టుకుని రాసినట్టుంది. పొద్దున్నే జీపొచ్చింది, లైట్‌హౌస్ చూశాం, అల్టో విస్టా చర్చి చూశాం, ఆ తర్వాత కొలను, భోజనం, స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీళ్ళలో చేపల్ని చూడ్డం). ఆ జీపెక్కిన ప్రతివాళ్ళూ ఆ వరసలో అవే చూస్తారు. ఆ మాత్రానికి నువ్వెందుకు రాయడం?

వరస పక్కన పడెయ్. ఆ రోజంతా మిమ్మల్ని నడిపింది గాలి. దానికి నువ్విచ్చింది ‘జుట్టంతా చెదిరిపోయింది’ అన్న ఒక్క ముక్క.

మా అమ్మాయి వాళ్ళు హ్యూస్టన్ నుంచి తీసుకెళ్తే నేనూ ఆ దీవి చూశాను కాబట్టి చెబుతున్నాను. వెనిజులాకి ఎదురుగా, పొడవు ముప్ఫై కిలోమీటర్ల చిల్లర మాత్రమే ఉన్న నేల. స్కూల్లో వ్యాపార పవనాలని బట్టీ పట్టామే, అవి అక్కడ ఇంచుమించు ఏడాది పొడుగునా తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి కొడుతూనే ఉంటాయి. నువ్వు ‘వింత ఆకారం’ అని వదిలేసిన దివి-దివి చెట్టు కథ అదే. మొదలు కాస్త పైకి లేస్తుంది, అక్కణ్ణుంచి కొమ్మలన్నీ నైరుతి వైపే పోతాయి. వింత అనకు. ఏ వైపు నుంచి ఏం తోస్తే అలా వంగిందో చెబితే, వింత అనుకోవడం చదివేవాడి పని.

ఇక తూర్పు, ఉత్తర తీరాలు. గాలికి ఎదురు నిలిచిన ఒడ్డు కనుకే అక్కడ అల అంత ఉరుముతుంది. సున్నపురాయిని తొలిచి వంతెన కట్టింది ఆ అలలే. 2005 సెప్టెంబరు 2న ఆ వంతెన కూలిపోయింది. కూలిపోయిన వంతెన చూడ్డానికి కూడా జీపులు వరస కడుతున్నాయి, మనిషి ఆశ అలాంటిది! పక్కనే చిన్న వంతెన ఇంకా ఉంది కాబట్టి గైడ్ల మాట నిలబడుతోంది. దీన్ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు, పేరా అయినా పెట్టాల్సింది.

అరికోక్ నేషనల్ పార్కులోని కొంచి కొలనుని ‘ప్రశాంతం’ అన్నావు. అక్కడ కాసేపు ఆగుదాం. అగ్నిపర్వత శిలలు చుట్టూ గోడ కట్టినట్టు నిలబడి బయటి అలల దెబ్బ కాస్తున్నాయి గనకే లోపల నీళ్ళలో మాస్కు పెట్టుకుని చేపల్ని చూడగలుగుతున్నాం. గోడ మీంచి నురుగు ఎగిరి నెత్తిన పడుతూనే ఉంటుంది. మా గైడు మాతో జోకులేస్తూనే కళ్ళు మాత్రం సముద్రం మీద పెట్టాడు. పెద్ద అల కనబడగానే చెయ్యెత్తేవాడు, అందరం దగ్గరున్న రాయి పట్టుకునేవాళ్ళం. మీ గైడుని ‘సరదా మనిషి’ అని ఒక్క మాటతో సరిపెట్టావు. పాపియమెంటో, డచ్చి, స్పానిష్, ఇంగ్లీషు మాట్లాడుతూ, ఆ రాళ్ళదారిలో జీపు నడుపుతూ, మీ ప్రాణాలు కాపలా కాసినవాడు. అతని చేతులు ఏం చేస్తున్నాయో రాయి.

మధ్యాహ్నం స్నార్కెలింగ్‌కి పడమటి ఒడ్డుకి ఎందుకు తీసుకెళ్ళారో ఆలోచించావా? గాలి నేల మీంచే వస్తుంది కాబట్టి అటు అల లేవదు. పొద్దున్న గోల పెట్టిన సముద్రం ఇక్కడ చెరువులా ఉంటుంది. ఈ ఒక్క మలుపు చూపిస్తే నీ వ్యాసంలో రెండు సగాలూ వాటంతటవే అతుక్కుంటాయి.

మాల్మోక్ దగ్గర మునిగి ఉన్న అంటిల్లా గురించి నువ్వు రాసింది ‘పాత ఓడ’, అంతే. అది జర్మన్ సరుకు ఓడ. 1940 మే 10న జర్మనీ నెదర్లాండ్స్ మీద పడింది. అరూబా అప్పట్లో నెదర్లాండ్స్‌ని ఏలే ఆ డచ్చివాళ్ళదే. ఓడని శత్రువుకి అప్పగించడం ఇష్టంలేక కెప్టెనే ముంచేశాడు. అరపేజీ చేపల రంగులు తగ్గించి ఇది పెట్టు.

చేపల కంటే మాస్కు మంచి సరుకు. అద్దానికి ఆవిరి పట్టకుండా ఉమ్మి రాసి కడుక్కోమంటారు కదా. ఎవరెవరో నోట్లో పెట్టుకున్న గొట్టం మళ్ళీ మన నోట్లో. ఎంగిలి గ్లాసు ముట్టుకుంటే చెయ్యి కడుక్కోమనే ఇంట్లో పెరిగినదానివి, ఆ క్షణం నీ మొహం ఎలా మారిందో ఒక్క అక్షరం లేదు! మన పాఠకుడు ముందు అక్కడే నవ్వుతాడు, ఆ తర్వాత నీతో నీళ్ళలో దిగుతాడు.

దుమ్ముకి మొహానికి కట్టుకునే గుడ్డ, రాళ్ళ మీదికి పట్టున్న చెప్పులు, పగడాలకి హాని చేసే సన్‌స్క్రీన్ అక్కడ నిషేధం అన్న సంగతి... ఇవన్నీ చివర నాలుగు లైన్లలో పెట్టు చాలు. సెల్ఫీలు తీసెయ్. ఖర్చు లెక్క మాత్రం ఉంచు, మనవాళ్ళు ముందు వెతికేది అదే. తిరగరాసింది వచ్చేవారం పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు